ఓపిక వేరు, బలం వేరు: హార్మోన్లు మొదలుపెట్టాక ఒంటిని ఎలా కనిపెట్టుకోవాలి

నా కొలబద్ద 20 లీటర్ల నీళ్ల టిన్ను. బోరబండలో మేముండేది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. నేను ట్రాన్స్ మహిళని, అంటే పుట్టినప్పుడు మగ అని రాసినా ఆడమనిషిగా బతికేదాన్ని. ఒంటిని ఆ వైపు మార్చే హార్మోన్లు మొదలుపెట్టకముందు ఆ టిన్నుని భుజానికెత్తుకుని ఒక్క దమ్ములో పైకెక్కేదాన్ని. నాలుగో నెలకల్లా మొదటి అంతస్తు మలుపులో దించి నిలబడాల్సి వచ్చింది. చెయ్యి నొప్పెట్టలేదు, భుజం లాగలేదు. ఊపిరే అందలేదు. ఏడాదిన్నర గడిచేసరికి కథ తిరగబడింది. ఆయాసం చాలావరకు తగ్గింది గానీ, టిన్ను ఎత్తబోతే రెండో చెయ్యి తనంతట తానే సాయానికొచ్చింది.

ఈ రెండూ ఒకటే అనుకుని మొదటి ఏడాది బోలెడు డబ్బు తగలేశాను, ఏడ్చాను కూడా. మన భాషలో ఓపిక అంటే ఒకటి, బలం అంటే ఇంకొకటి. హార్మోన్ల దగ్గర ఆ తేడా అక్షరాలా నిజం. ఓపిక చాలావరకు రక్తంలో ఉంటుంది, బలం కండలో ఉంటుంది. రక్తం మూడు నాలుగు నెలల్లో మారుతుంది. కండకి ఏడాది, రెండేళ్లు పడుతుంది. ఏది ఎప్పుడు మారుతుందో తెలిస్తే ఏది హార్మోన్ పని, ఏది కాదో మీరే పట్టుకోగలరు. 18 ఏళ్లు దాటి, డాక్టరు చేతిమీదుగా హార్మోన్లు వాడుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను: టెస్టోస్టిరోన్ అనే మగ హార్మోన్‌ని అణిచి ఎస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ వాడే ట్రాన్స్ మహిళలు, టెస్టోస్టిరోన్ వాడే ట్రాన్స్ పురుషులు. మందు మోతాదులు చెప్పడం నా పని కాదు.

మొదలుపెట్టకముందే మీ లెక్క రాసిపెట్టుకోండి

ఒక నోటుబుక్కు కొనండి. ఫోన్లో రాసుకోవచ్చు కదా అంటారు. ఫోన్లు పోతాయి, పగులుతాయి. మనలో కొందరి ఫోన్లు ఇంట్లోవాళ్లు లాక్కుంటారు. నోటుబుక్కే మేలు.

అందులో ముందుగా రక్త పరీక్షల అంకెలు ఎక్కించండి. సీబీపీ అనే రక్తకణాల పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్, హెమటోక్రిట్ రెండూ వస్తాయి. కాలేయం, కిడ్నీ పరీక్షలు, పొటాషియం, షుగరు, కొవ్వు, టెస్టోస్టిరోన్, ఎస్ట్రాడయోల్ (ఎస్ట్రోజన్‌లో ఒక రకం) డాక్టరే రాస్తారు. థైరాయిడ్, విటమిన్ డి, బి12 కూడా రాయమని మీరు అడగండి. మనవైపు డి, బి12 తక్కువగా ఉండేవాళ్లు కోకొల్లలు, ఆ లోపాలన్నీ నీరసంగానే బయటపడతాయి. ముందే చూసుకోకపోతే ఆరు నెలల తర్వాత నేరమంతా ఎస్ట్రోజన్ మీద పడుతుంది.

తర్వాత ఒంటి అంకెలు. దీనికి జిమ్ అక్కర్లేదు. చేతుల్లేని కుర్చీలో కూర్చుని, చేతులు గుండెకు కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. ఆగకుండా ఎన్ని పుషప్స్ తీయగలరో చూడండి. మోకాళ్లు ఆనించి తీసినా ఫరవాలేదు, ప్రతిసారీ అలాగే తీయాలి, అంతే. చిన్నప్పుడు బళ్లో మనచేత తీయించిన గుంజీలు కూడా మంచి కొలతే. ఒక గ్రౌండులో 800 మీటర్లు పరుగో నడకో పూర్తిచేసి టైము రాయండి. పొద్దున్న మంచం దిగకముందు నాడి ఎంత కొట్టుకుంటుందో రాయండి. ఆఖరున ఇంట్లో రోజూ ఎత్తే బరువు ఒకటి ఎంచుకోండి: నీళ్ల టిన్ను, 25 కిలోల బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్. నిండు సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే దాదాపు 30 కిలోలు.

800 మీటర్లే ఎందుకంటే, 2024 డిసెంబరులో హైదరాబాద్ గోషామహల్ పోలీస్ స్టేడియంలో ట్రాన్స్‌జెండర్ ట్రాఫిక్ అసిస్టెంట్ల ఎంపికకు పెట్టిన పోటీల్లో అదొకటి. లాంగ్ జంప్, షాట్‌పుట్ కూడా పెట్టారు. అంతకు చాలా ముందే, 2015లో, తమిళనాడులో ప్రితికా యాషిని అనే ట్రాన్స్ మహిళ ఎస్‌ఐ ఉద్యోగం కోసం మద్రాసు హైకోర్టు మెట్లెక్కినప్పుడు కూడా 100 మీటర్ల పరుగులో సెకను లెక్కలు చర్చకొచ్చాయి. మన కడుపు నింపే ఉద్యోగాలు స్టాప్‌వాచీ దాకా వచ్చాయి కాబట్టి, స్టాప్‌వాచీ మన ఇంట్లోనూ ఉండాలి.

ఈ కొలతలు మూడు నెలలకోసారి, అదే వేళకు, అదే చోట తీయండి. రోజూ తీస్తే పిచ్చెక్కుతుంది.

ట్రాన్స్ మహిళలు: మొదట తగ్గేది ఊపిరి

టెస్టోస్టిరోన్ గడ్డానికీ గొంతుకీ మాత్రమే సంబంధించింది అనుకుంటాం. అది కిడ్నీల చేత ఎరిత్రోపోయిటిన్ అనే రసాయనాన్ని ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఆ రసాయనం ఎముక మజ్జకి వెళ్లి, ఎర్ర రక్తకణాలు ఇంకా కావాలని చెబుతుంది. టెస్టోస్టిరోన్‌ని అణిచేసేసరికి ఆ ఆర్డరు తగ్గిపోతుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. పాత కణాలు రాలిపోతూ కొత్తవి తక్కువగా పుడుతూ, మూడు నాలుగు నెలల్లో హిమోగ్లోబిన్ ఒకటి, ఒకటిన్నర గ్రాములు దిగి మిగతా ఆడవాళ్ల స్థాయికి చేరుతుంది. నా టిన్ను మెట్ల మలుపులో ఆగింది సరిగ్గా ఆ నాలుగో నెలలోనే.

ఇది రోగం కాదు, ఒంటికి కొత్త లెక్క. మెట్లెక్కినా, బస్సు వెనక పరుగెత్తినా ముందుకన్నా త్వరగా ఆయాసమొస్తుంది. మంచంలో పడుకున్నప్పుడు కూడా నిస్సత్తువగా ఉంటే మాత్రం కారణం ఇది కాదు, వేరేది వెతకాలి. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి.

ఇక్కడే పెద్ద బోనొకటి ఉంది. నాకు ఐదో నెలలో హిమోగ్లోబిన్ 12.6 వచ్చింది. ల్యాబువాళ్లు నా ఆధార్ చూసి ఫారం మీద మగ అని కొట్టారు కాబట్టి, రిపోర్టులో ఆ అంకె పక్కన ‘తక్కువ’ అని వచ్చింది. మందుల షాపాయన ఆ కాగితం చూసి, నెలకు సరిపడా ఐరన్ మాత్రలు చేతిలో పెట్టాడు. నేను మూడు నెలలు మింగాను. మలబద్ధకం తప్ప ఇంకేమీ రాలేదు. రక్తహీనతకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత మగవాళ్లకు 13, గర్భిణులు కాని ఆడవాళ్లకు 12. ఎస్ట్రోజన్ మీద, టెస్టోస్టిరోన్ అణిగి ఉన్న మనిషికి చూడాల్సింది రెండో గీత. ఆ లెక్కన నేను బాగానే ఉన్నాను.

కాబట్టి సీబీపీ రిపోర్టు రాగానే పక్కనున్న ఎర్ర అక్షరాలు చూడకండి, అంకె చూడండి. 12 కన్నా కిందికి పోతే ఐరన్ మింగేముందు ఫెరిటిన్ అనే పరీక్ష అడగండి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెబుతుంది. నిల్వ నిండుగా ఉంటే పైనుంచి పోసినా లాభం లేదు. కిడ్నీ పరీక్షలో వచ్చే క్రియాటినిన్‌కీ ఇదే గోల. అది కండని బట్టి మారే అంకె, కండ తగ్గితే అదీ తగ్గుతుంది. కిడ్నీ పనితీరు లెక్కలోకి మగ, ఆడ అన్న గడి కూడా వస్తుంది కాబట్టి, ఏ గడి పెట్టి లెక్కేశారో డాక్టరుకి చెప్పండి.

తర్వాత తగ్గేది కండ, అదీ మీరు భయపడినంత కాదు

అమెరికాలోని హార్మోన్ల డాక్టర్ల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాల ప్రకారం ట్రాన్స్ మహిళల్లో కండ, బలం తగ్గడం 3 నుంచి 6 నెలల్లో మొదలై, 1 నుంచి 2 ఏళ్లకు ఆఖరు మెట్టుకు చేరుతుంది. ఎంత తగ్గుతుంది? స్వీడన్‌లో చేసి 2020లో అచ్చేసిన ఒక చిన్న అధ్యయనంలో ఏడాదికి తొడ కండ 5 శాతం వరకు తగ్గింది, కాలి బలం మాత్రం దాదాపు అలాగే నిలిచింది. యూరప్‌లో పలు ఆసుపత్రులు కలిసి చేతి పిడికిలి పట్టు కొలిచి 2019లో చెప్పిన అంకె: ట్రాన్స్ మహిళల్లో ఏడాదికి సగటున 1.8 కిలోలు తగ్గుదల. అమెరికా వాయుసేన సిబ్బంది ఫిట్‌నెస్ పరీక్షల రికార్డులు తవ్వి తీసినవాళ్లు 2020 చివర్లో ఇంకొకటి చూపించారు. హార్మోన్లకు ముందు ట్రాన్స్ మహిళలు తోటి మహిళల కన్నా నిమిషానికి 31 శాతం ఎక్కువ పుషప్స్ తీసేవాళ్లు. రెండేళ్లకు ఆ తేడా పోయింది. పరుగులో మాత్రం 21 శాతం ముందున్నవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా 12 శాతం ముందే ఉన్నారు.

ఈ అంకెల్ని ఆటల పోటీల గొడవల్లోకి లాగేవాళ్లు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. మనకు కావలసింది వేరే. ‘హార్మోన్లు వేసుకుంటే చెంబు కూడా ఎత్తలేవు’ అని భయపెట్టే పెద్దవాళ్ల మాట అబద్ధమని ఇవి చెబుతున్నాయి. ఏడాదిలో సగానికి సగం బలం పోయిందంటే అది ఎస్ట్రోజన్ చేసిన పని కాదు. తిండి మానేసి ఉండొచ్చు, కదలడం మానేసి ఉండొచ్చు, లేదా వేరే కారణం ఉండొచ్చు.

మనలో ఆ రెండూ మామూలే. నడుము సన్నబడాలని పొద్దున్న టిఫిన్ మానేస్తాం. కండలొస్తే మగపోలిక కనిపిస్తుందని బరువు ముట్టుకోం. ఆ రెండో భయం నాకూ ఉండేది. నిజానికి టెస్టోస్టిరోన్ డెసిలీటరు రక్తానికి 50 నానోగ్రాముల కన్నా కిందికి దిగాక, బరువెత్తినా భుజాలు మగవాళ్లలా అంత తేలిగ్గా ఉబ్బవు. ఊరికే బలం నిలబడుతుంది, ఎముక గట్టిపడుతుంది. గుంజీలు తీస్తే పెరిగేది తొడలూ పిరుదులే, మనం కోరుకునేదీ అదేగా.

నీరసం తెచ్చేది హార్మోనా, దాంతో వేసే మాత్రా?

ఎస్ట్రాడయోల్‌తో నీరసం అని వచ్చేవాళ్లలో చాలామందికి అసలు దొంగ పక్క మాత్ర. టెస్టోస్టిరోన్‌ని అణచడానికి మనదేశంలో ఎక్కువగా రాసేవి రెండు: స్పైరనోలాక్టోన్, సైప్రోటెరోన్.

స్పైరనోలాక్టోన్ మొదట బీపీకి, గుండెకు వాడే మందు. మూత్రం ఎక్కువ పోయిస్తుంది, ఒంట్లోంచి ఉప్పు లాగేస్తుంది, పొటాషియాన్ని మాత్రం పట్టి ఉంచుతుంది. బీపీ తగ్గుతుంది కాబట్టి కూర్చుని చటుక్కున లేస్తే కళ్లు బైర్లు కమ్ముతాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఉండి ఈ మాత్ర వేసుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. మా అక్క ఒకామె మధ్యాహ్నం ఎండలో దుకాణాల్లో డబ్బులు అడగడానికి వెళ్లి రోడ్డు మీదే పడిపోయింది. పొద్దుట్నుంచీ ఆమె కడుపులోకి పోయింది రెండు టీలు.

చేయాల్సింది ఇది. ఖాళీ కడుపుతో ఎండలోకి వెళ్లకండి. ఉప్పేసిన మజ్జిగ సీసా సంచిలో పెట్టుకోండి. ఉన్నపళంగా లేవకుండా మంచం అంచున ఒక నిమిషం కూర్చోండి. రాత్రి నాలుగుసార్లు బాత్రూముకి లేస్తుంటే సాయంత్రం మాత్రని పొద్దుటికి మార్చొచ్చా అని డాక్టరుని అడగండి. నిద్ర చెడితే మర్నాటి నీరసానికి హార్మోన్ దాకా వెళ్లనక్కర్లేదు. బీపీ యంత్రం కనిపించిన ప్రతిచోటా చెయ్యి పెట్టి అంకె నోటుబుక్కులో ఎక్కించండి.

ఇక కొబ్బరిబోండాం. కోనసీమ నుంచి వచ్చినవాళ్లకి నేనీ మాట చెబితే కోపమొస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఈ మాత్ర దాన్ని బయటికి పోనివ్వదు. కిడ్నీలు బాగున్న కుర్రవాళ్లకు రోజుకో బోండాంతో ప్రమాదం రాదు. ఎండగా ఉందని నాలుగైదు తాగడం, ‘లో సోడియం’ అని అమ్మే ఉప్పు వాడటం మాత్రం వద్దు, ఆ ఉప్పులో సోడియం బదులు పొటాషియమే కలుపుతారు. పొటాషియం మరీ పెరిగితే కండరాలు పట్టు తప్పుతాయి, గుండె లయ తప్పుతుంది. బీపీకి వేరే మందు వాడుతున్నవాళ్లు, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా బోండాం కూడా ముట్టకండి.

సైప్రోటెరోన్ నీరసంతో పాటు మనసుకి మబ్బు కూడా పట్టిస్తుంది. దేనిమీదా ఆసక్తి ఉండదు, ఏడుపొస్తుంది. దీని మోతాదు ఒకప్పుడు 50, 100 మిల్లీగ్రాములు రాసేవాళ్లు. 2022లో వచ్చిన డబ్ల్యూపాత్ (ట్రాన్స్ ఆరోగ్యం చూసే అంతర్జాతీయ డాక్టర్ల సంఘం) మార్గదర్శకాలు రోజుకు 10 మిల్లీగ్రాములు చాలంటున్నాయి. ఎక్కువ మోతాదు ఏళ్లతరబడి వాడితే మెదడు పొరలో గడ్డలు వచ్చే ముప్పుందని యూరప్ మందుల సంస్థ 2020లో హెచ్చరించింది. మీ చీటీ మీద పెద్ద అంకె కనిపిస్తే, భయపడి మీరే ఆపేయకుండా, ‘డాక్టరు గారూ, ఇది తగ్గించొచ్చా?’ అని అడగండి. ప్రొజెస్టిరోన్ అనే ఇంకో ఆడ హార్మోన్ క్యాప్సూళ్లు రాసినవాళ్లకైతే మగతగా ఉండటం సహజం. పడుకునేముందు వేసుకోవాలి.

చీటీ లేకుండా గర్భనిరోధక మాత్రలు రెండేసి మూడేసి మింగేవాళ్ల గురించి ఒక్కమాట. వాటిలో ఉండే ఇథినైల్ ఎస్ట్రాడయోల్ రక్తాన్ని గడ్డకట్టించే రకం, సిగరెట్టు కూడా తోడైతే ఇంకా చెడ్డది. రెట్టింపు మింగితే రొమ్ములు రెట్టింపు వేగంగా రావు.

నిర్వాణం అయినవాళ్లకు

దీని గురించి డాక్టర్లు తక్కువ మాట్లాడతారు, మనవాళ్లు అసలు మాట్లాడరు. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

నిర్వాణం అంటే మనవాళ్లలో బీజాలు తీసేయించుకోవడం. అది అయ్యాక, ఆసుపత్రిలో జరిగినా ఇంకెక్కడ జరిగినా, బీజాలు ఉండవు కాబట్టి టెస్టోస్టిరోన్ దాదాపు అడుగంటుతుంది. ఒంటికి ఏదో ఒక హార్మోన్ కావాలి, ఇదో అదో. రెండూ లేకపోతే నలభై ఐదేళ్లకు ముట్లుడిగిన ఆడవాళ్లకు ఏమవుతుందో, ఇరవై ఐదేళ్లకే మీకూ అదే అవుతుంది: ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం, కండ జారిపోవడం, నడుంనొప్పి, లోలోపల ఎముక గుల్లబారడం. ‘నిర్వాణం తర్వాత మందులతో పనేముంది, ఇక నేను పూర్తయ్యాను కదా’ అనుకుని ఎస్ట్రోజన్ ఆపేసినవాళ్లని నేను చాలామందిని చూశాను. వాళ్లని చేరదీసిన పెద్దలు, అంటే గురువులు కూడా జీవితంలో ఎప్పుడూ వేసుకోలేదు కాబట్టి అది మామూలే అనుకుంటారు. ఆ గురువుల్లో ఎంతమందికి యాభై దాటకుండానే తుంటి ఎముకో మణికట్టో విరిగిందో అడిగి చూడండి.

రెండో పొరపాటు దీనికి ఎదురుగా ఉంటుంది. నిర్వాణం అయ్యాక కూడా పాత చీటీ పట్టుకుని స్పైరనోలాక్టోన్, సైప్రోటెరోన్ కొంటూనే ఉంటారు. అణచడానికి లోపల ఏమీ లేదు. మిగిలేవి ఆ మాత్రల కళ్లు తిరగడం, నీరసం మాత్రమే. ఆపరేషన్ తర్వాత మొదటి చూపులోనే ‘ఇవి ఆపొచ్చా, ఎస్ట్రాడయోల్ ఎంత ఉండాలి?’ అని అడగాలి. ఎస్ట్రోజన్ లేకుండా ఏళ్లు గడిపినవాళ్లు డెక్సా స్కాన్ చేయించుకోవడం మంచిది, ఎముక సాంద్రత చెబుతుంది. ఈలోగా విటమిన్ డి చూపించుకోండి. రాగులు, నువ్వులు, పాలు, పెరుగు, ముల్లుతో తినే చిన్నచేపలు వంటింట్లోకి తెచ్చుకోండి.

ట్రాన్స్ పురుషులు: ‘టీ’ రోజులు, ‘టీ’ లేని రోజులు

మన తమ్ముళ్ల మాటల్లో ‘టీ’ అంటే చాయ్ కాదు, టెస్టోస్టిరోన్ సూది. ఇది నా ఒంటి అనుభవం కాదు. మా గదిలో ఉన్న తమ్ముడి నోటుబుక్కు చూసి, అతని డాక్టరుని అడిగి రాస్తున్నాను.

ఇక్కడ అంతా ఎదురు దిశలో నడుస్తుంది. ముట్లు ఆగడంతో నెలనెలా పోయే ఇనుము ఆగుతుంది. మజ్జకి ఆర్డరు పెరుగుతుంది. హిమోగ్లోబిన్ పైకెక్కుతుంది. ఓపిక ముందు వస్తుంది, బలం వెనకాల వస్తుంది. ఎండోక్రైన్ సొసైటీ లెక్కలో కండ పెరగడం 6 నుంచి 12 నెలల్లో మొదలై 2 నుంచి 5 ఏళ్ల వరకు సాగుతుంది. పైన చెప్పిన స్వీడన్ అధ్యయనంలో తొడ కండ ఏడాదికి 15 శాతం పెరిగింది. పిడికిలి పట్టు లెక్కలో 6.1 కిలోలు పెరిగింది. వాయుసేన రికార్డుల్లో ఏడాది తిరిగేసరికి పుషప్స్‌లో, పరుగులో తోటి మగవాళ్లతో తేడా చెరిగిపోయింది.

హుషారు ఎక్కువై దెబ్బలు తగిలించుకునేది ఈ ఏడాదిలోనే. కండ త్వరగా బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టే నరంలాంటి స్నాయువు నెమ్మదిగా బలపడుతుంది. నిన్న ఎత్తింది తేలిగ్గా ఉందని ఇవాళ పది కిలోలు కలిపితే మోచేయి, భుజం పట్టేస్తాయి. రెండు వారాల పాటు ఒకే బరువుతో సాఫీగా చేయగలిగాకే, రెండున్నర కిలోలు మించకుండా కలపండి. ఛాతీని అదిమిపెట్టే బైండర్ కట్టుకుని పరుగెత్తకండి, బరువులెత్తకండి. పక్కటెముకలు విచ్చుకోకపోతే ఊపిరి ఎక్కణ్నుంచి వస్తుంది? వ్యాయామానికి గట్టి స్పోర్ట్స్ బ్రా, పైన వదులు టీషర్టు చాలు. జిమ్ ట్రైనరు ‘భాయ్, ఇంకో సూది ఉంది, నెలలో సైజ్ వస్తుంది’ అంటే అక్కణ్నుంచి వచ్చేయండి. మీరు ఇప్పటికే టెస్టోస్టిరోన్ మీద ఉన్నారు. దానిమీద ఇంకో స్టెరాయిడ్ పోస్తే కాలేయం, రక్తం రెండూ చెడతాయి.

రెండు మూడు వారాలకోసారి తీసుకునే సూదికి ఒక ఆటుపోటు ఉంటుంది. మొదటి నాలుగైదు రోజులు కొండనైనా పిండి కొడతారు. తర్వాతి సూది దగ్గరపడే రోజుల్లో నీరసం, చిరాకు, నిద్ర. మా తమ్ముడు తన నోటుబుక్కులో రోజుకో అంకె వేసుకున్నాడు, పదికి ఎంత ఓపికని. మూడు సూదుల పాటు చూస్తే ఆఖరి నాలుగు రోజులు ఎప్పుడూ మూడో నాలుగో. ఆ పేజీ డాక్టరు ముందు పెడితే, ఆమె మాట్లాడకుండా మోతాదుని చిన్నది చేసి ఎడం తగ్గించింది. జెల్, లేదా పది పన్నెండు వారాలకోసారి వేసే సూది కూడా ఉన్నాయి. వాటితో ఈ ఊగిసలాట తక్కువ, ఖర్చు ఎక్కువ. రక్తపరీక్ష ఎప్పుడు ఇచ్చారో కూడా రాసుకోండి. సూది మర్నాడు తీస్తే ఒక అంకె, ముందురోజు తీస్తే ఇంకో అంకె. రెండు సూదుల నడుమ తీస్తే టెస్టోస్టిరోన్ డెసిలీటరు రక్తానికి 400 నుంచి 700 నానోగ్రాముల మధ్య ఉండాలని లెక్క.

తప్పకుండా చూడాల్సిన అంకె హెమటోక్రిట్. రక్తంలో ఎర్రకణాల వాటా అది. 54 శాతం దాటితే రక్తం చిక్కబడి గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. తలనొప్పి, ముఖం ఎర్రబారడం, వింత నీరసం దాని గుర్తులు. ఎండాకాలం నీళ్లు తాగకుండా రక్తమిస్తే ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, పరీక్షకు ముందురోజు నీళ్లు బాగా తాగండి. సిగరెట్టు దీన్ని పెంచుతుంది. గురక, నిద్రలో ఊపిరి ఆగడం కూడా పెంచుతాయి. గదిలో పడుకునేవాళ్లని ‘నేను గురక పెడుతున్నానా?’ అని సిగ్గుపడకుండా అడగండి. ఫారం మీద ఆడ అని ఉంటే ల్యాబు ఇక్కడా తిరకాసు పెడుతుంది: 15.5 హిమోగ్లోబిన్ పక్కన ‘ఎక్కువ’ అని రాస్తుంది. దానికి కంగారుపడక్కర్లేదు, అది మగవాళ్ల స్థాయి.

తిండి, కసరత్తు

మన భోజనంలో అన్నం కొండంత, పప్పు నిమ్మకాయంత. అదే తిరగేయాలి. కసరత్తు చేసేవాళ్లకి కిలో బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 72 నుంచి 96 గ్రాములు. ఒక గుడ్డులో 6 గ్రాములు ఉంటాయి, మిగతాది లెక్కేసుకోండి. పెసరట్టు, ఉలవచారు, గుగ్గిళ్లు, శనగలు, పెరుగు, చేపలు, వారానికి రెండుసార్లు చికెన్ ఉంటే డబ్బాల పొడి అక్కర్లేదు. క్రియాటిన్ అనే జిమ్ పొడి వాడితే క్రియాటినిన్ అంకె కాస్త పెరుగుతుంది, కిడ్నీ పాడైందని డాక్టరు కంగారుపడకుండా ముందే చెప్పండి.

వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట. గుంజీలు, గోడకో నేలకో పుషప్స్, రెండు చేతుల్లో నీళ్ల బకెట్లు పట్టుకుని నడక, మెట్లు. మిగతా రోజుల్లో మాట్లాడగలిగేంత వేగంతో నడవండి. ట్రాన్స్ మహిళలకు నాలుగో నెలలో పాత వేగం అందదు. అప్పుడు వేగం తగ్గించి టైము పెంచండి, మానేయకండి. రక్తం కుదురుకున్నాక ఊపిరి కొత్త లెక్కకు అలవాటు పడుతుంది. నాకు ఎనిమిదో నెల పట్టింది. పోలీసు ఉద్యోగాలకు తయారయ్యేవాళ్లు హార్మోన్లు మొదలుపెట్టిన మొదటి ఆరునెలల్లో పోటీ పడకుండా ఉండగలిగితే మేలు. తేదీ మన చేతిలో ఉండదు, తెలుసు. కనీసం 800 మీటర్లని 200 మీటర్ల ముక్కలుగా చేసి, మధ్యలో నడిచి, వారానికి ఒక్కో విరామం కుదిస్తూ పోండి.

ఎక్కడ చూపించుకోవాలి

హార్మోన్ల డాక్టరు, అంటే ఎండోక్రైనాలజిస్టు దగ్గర. మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్షలు, తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు. తెలంగాణ ప్రభుత్వం 2024 డిసెంబరులో జిల్లాకొకటి చొప్పున ట్రాన్స్‌జెండర్ల కోసం 33 మైత్రి క్లినిక్‌లు ప్రకటించింది. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ అనే కేంద్ర పథకం కింద ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంటుంది, దానికి ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు కావాలి. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం తెరిచిన మిత్ర్ క్లినిక్ అమెరికా నిధులు ఆగిపోవడంతో 2025 జనవరిలో మూతపడింది, తర్వాత టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ మొదలైంది. ఏ క్లినిక్ ఎప్పుడు మూస్తారో తెలియదు కాబట్టి ప్రతి రిపోర్టు నకలు మీ దగ్గరే ఉండాలి. నోటుబుక్కు వెనక అట్టలో దోపేయండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మింగుతున్నవన్నీ చెప్పండి: స్నేహితురాలు ఇచ్చినవీ, ఆన్‌లైన్లో తెప్పించినవీ, ఆయుర్వేదమని చెప్పి అమ్మినవీ. ఆయన ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ఇవి కనిపిస్తే నోటుబుక్కు పక్కన పెట్టి ఆసుపత్రికి

ఒక కాలి పిక్క వాచి, ఎర్రబడి, నొక్కితే నొప్పి. ఉన్నట్టుండి ఛాతీలో పోటు, ఊపిరాడకపోవడం. మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి లేవకపోవడం. ఎన్నడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం. గుండె దడదడలాడుతూ కాళ్లు చేతులు పట్టు తప్పడం. వీటికి తెల్లారేదాకా ఆగకూడదు, ఫలానా డాక్టరైతేనే వెళ్తాననీ అనకూడదు. 108కి ఫోన్ చేసి, వాడుతున్న హార్మోన్ పేరు మొదటి మాటగా చెప్పండి. ఆ పేరు ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి, మీరు చెప్పలేని స్థితిలో ఉంటే పక్కవాళ్లు చదివి చెబుతారు.